విలన్ ఎవరు? ఊరోడా, వాడోడా?

సంగారెడ్డిలోనైనా, పటాన్‌చెరులోనైనా సినిమా చూసే ఏ పిల్లవాణ్ణి అడిగినా విలన్ అంటే ఎవరో చెప్తాడు. హీరోకు అడ్డం వచ్చేవాడు, ఆడపిల్లలను ఏడిపించేవాడు, చివరి రీలులో దెబ్బలు తిని పడిపోయేవాడు. 'ప్రతినాయకుడు' అనే సంస్కృత మాట పుస్తకాల్లోనే ఉండిపోయింది. విలన్ మాత్రం ఇంగ్లీషు అక్షరం రానివాళ్ళ నోటికి కూడా ఎక్కింది. 'మా ఆడిబిడ్డనే నా పాలిట విలన్ అయింది' అని కూలికి పోయే ఆడవాళ్ళు కూడా అంటారు.

ఇంతగా మనదైపోయిన ఈ మాటకు మొదటి అర్థం దుర్మార్గుడు కాదు. దొర భూమిలో వెట్టి చేసేవాడు. మట్టి పిసికి లోకానికి తిండి పెట్టినవాడి పేరు దుర్మార్గుడి పేరుగా ఎట్లా మారింది? ఎవరు మార్చారు? మన దగ్గర అట్లాంటి మాటలకు ఏం జరిగింది? ఈ వ్యాసంలో మేం చూడదలచుకున్నది ఇదే. ఇది మాటల పుట్టుక మీద సరదా కొద్దీ చేస్తున్న పని కాదు. ఒక మనిషిని కొట్టకముందే అతనికి ఒక పేరు పెడతారు. ఆ పేరు పడ్డాక కొట్టడం న్యాయం అయిపోతుంది. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందో తెలిస్తే చరిత్ర సగం తెలిసినట్టే.

విల్లా నుంచి విలన్ దాకా

లాటిన్ భాషలో 'విల్లా' అంటే భూస్వామి పొలాల మధ్య కట్టుకున్న ఇల్లు, దాని కింద నడిచే కమతం. మన లెక్కన గడీ, గడీ కింది భూములు. ఆ విల్లాకు కట్టుబడి పనిచేసేవాడు 'విల్లానుస్'. ఆ మాట ఫ్రెంచిలోకి పోయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచినాక వాళ్ళ వెంట ఇంగ్లండుకు వచ్చింది. 1086లో విలియం రాజు దేశంలోని భూమి, పశువు, మనిషి లెక్క రాయించాడు. 'డూమ్స్‌డే బుక్' అంటారు దాన్ని. అందులో లెక్కకెక్కిన మనుషుల్లో అన్నిటికన్నా పెద్ద వర్గం ఈ విలన్లదే. పదిమందిలో సుమారు నలుగురు వాళ్ళే.

వాళ్ళ బతుకు ఎట్లా ఉండేది? వారంలో కొన్ని రోజులు దొర పొలంలో కూలి లేకుండా పనిచేయాలి. బిడ్డ పెళ్ళి చేయాలంటే దొరకు పైకం కట్టాలి. ఇంటి పెద్ద చనిపోతే కొట్టంలోని మంచి పశువును దొర తోలుకపోతాడు. దొర అనుమతి లేకుండా ఊరు విడిచిపోరాదు. భూమి విషయంలో దొర మీద రాజు కోర్టుకు ఎక్కే దారి లేదు. మెదక్ జిల్లా ముసలివాళ్ళకు ఈ జాబితా చదివి వినిపిస్తే 'ఇది మా ఊరి ముచ్చటే కదా' అంటారు.

మరి ఈ మనిషి పేరు తిట్టు ఎట్లా అయింది? ఆ కాలంలో రాసేవాళ్ళు ఎవరో చూస్తే తెలుస్తుంది. దొరల కొలువుల్లోని కవులు, మఠాల్లోని గురువులు. వాళ్ళ రాతల్లో మంచి గుణాలన్నీ దొరల ఇంట పుట్టినవే. 'జెంటిల్' అనే మాటకు మొదటి అర్థం మంచి వంశంలో పుట్టినవాడని. తర్వాత అదే మాట మృదువైనవాడు, మర్యాదస్తుడు అయింది. గుణం పుట్టుక నుంచి వస్తుందని రాసుకున్నవాళ్ళకు, కూలోడి పుట్టుకలో నీచగుణం కనిపించడం వింతేమీ కాదు. 14వ శతాబ్దం నాటికే ఇంగ్లీషులో విలన్ అంటే నీచుడు, నమ్మరానివాడు అనే అర్థం స్థిరపడింది. నాటకంలో, నవలలో దుష్టపాత్ర అనే అర్థం 19వ శతాబ్దంలో దాని మీద చేరింది. మన సినిమాకు అంటింది ఆ చివరి అర్థం.

ఇదే భాషలో ఇంకో రెండు మాటలు చూడండి. పాత ఇంగ్లీషులో 'నైట్', 'నేవ్' రెండింటికీ మొదట పిల్లవాడు, పనివాడు అనే అర్థమే. ఒకడికి గుర్రం, కత్తి దొరికినవి. అతని పేరు వీరుడికి బిరుదైంది. రెండోవాడు ఇంట్లో చాకిరి చేస్తూ ఉండిపోయాడు. అతని పేరు మోసగాడికి పేరైంది. మాటలో మహిమ ఏమీ లేదు. చేతిలో ఏముందన్నదే తేడా.

1381లో ఇంగ్లండు రైతులు తిరగబడ్డారు. వాట్ టైలర్, జాన్ బాల్ వాళ్ళ నాయకులు. దొరల దగ్గరున్న వెట్టి లెక్కల కాగితాలను వెతికి వెతికి కాల్చారు. జూన్ 14న రెండో రిచర్డు రాజు వాళ్ళకు వెట్టి నుంచి విముక్తి ఇస్తానని ఒప్పుకున్నాడు. మర్నాడే వాట్ టైలర్‌ను చంపారు. రాజు మాట వెనక్కి పోయింది, జాన్ బాల్‌ను ఉరితీశారు. 1946-51 పోరాటంలో నల్లగొండ, వరంగల్ పల్లెల్లో జనం దొరల, పట్వారీల కాగితాలు కాల్చిన సంగతి మనకు తెలుసు. ఇద్దరికీ అనుభవమే నేర్పింది: తమ పేరు రాసున్న కాగితమే తమ మెడకు ఉచ్చు అని.

షేక్స్‌పియర్ నాటకం 'యాజ్ యు లైక్ ఇట్' మొదటి రంగంలో అన్న తమ్ముణ్ణి విలన్ అని తిడతాడు. తమ్ముడు దానికి జవాబు రెండో అర్థంలో ఇస్తాడు: తాను ఫలానా పెద్దమనిషి కొడుకునని, తక్కువ పుట్టుక పుట్టలేదని. తక్కువ పుట్టుక పుట్టినవాడు చెడ్డవాడు ఎందుకవుతాడని మాత్రం అడగడు. తిట్టును ఖండించడు, తనకు వర్తించదంటాడు అంతే. 'నేనేమన్న నీ జీతగాన్నా?' అని మన ఊళ్ళలో కోపంగా అడిగేవాళ్ళు చేసేది కూడా ఇదే.

మన పాఠంలోని 'గ్రామ్యత'

తెలుగు ఎం.ఏ.లో భాషాశాస్త్రం చదివినవాళ్ళకు అర్థ విపరిణామం పాఠం గుర్తుండే ఉంటుంది. ఒక మాట మంచి అర్థం నుంచి చెడ్డ అర్థానికి జారిపోతే దాన్ని 'అర్థ గ్రామ్యత' అంటారు. అంటే పల్లెటూరిది కావడం. మాట చెడిపోవడానికి పండితులు పెట్టుకున్న పేరే 'ఊరిది అయిపోవడం'! విల్లా నుంచి విలన్ వచ్చినట్టే గ్రామం నుంచి గ్రామ్యం వచ్చింది. ఇంగ్లండులో ఒక మాటకు జరిగినదాన్ని మనవాళ్ళు ఏకంగా శాస్త్రానికి పారిభాషిక పదం చేశారు.

దీని పక్కన 'అసభ్యం' పెట్టి చూడండి. సభకు తగనిది అసభ్యం. సభలోకి రానివ్వనివాళ్ళ మాట, నడక, తిండి అన్నీ అప్పుడు అసభ్యమే అవుతాయి. 1910లలో గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడినప్పుడు గ్రాంథికవాదులు దాన్ని గ్రామ్యం అని కొట్టిపడేశారు. గిడుగు గెలిచాడు, మంచిదే. కానీ ఆయన నిలబెట్టింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్న పెద్దమనుషుల వాడుక. వాడలో మాట్లాడే మాట అప్పటికీ గడప బయటనే ఉంది.

పండితులు ఒక మాట అడగవచ్చు. 'ఛాందసుడు అంటే మొదట వేదం చదివినవాడు. ఇప్పుడు అది కూడా తిట్టే కదా? మాటలు సహజంగానే మారుతుంటాయి, ఇందులో కులం ఎందుకు తేవాలి?' నిజమే, ఛాందసుడు అనే మాట కూడా కింద పడింది. కానీ ఆ మాట అన్నందుకు ఎవరూ బావి దగ్గర నుంచి వెళ్ళగొట్టబడలేదు. అది నవ్వులాటగా మిగిలింది. అదే పాఠంలో సౌమ్యతకు ఉదాహరణగా 'సభికులు' చెప్తారు. సంస్కృతంలో సభికుడు అంటే జూదపు ఇల్లు నడిపేవాడు. ఇప్పుడు మైకు ముందు 'గౌరవనీయులైన సభికులకు' అని మొదలుపెడతాం. జూదం ఆడించినవాడి పేరు గౌరవం అయింది, అన్నం పండించినవాడి పేరు తిట్టు అయింది. ఇది సహజం అనుకుంటే ఆ సహజత్వానికి ఒక దిశ ఉందని అయినా ఒప్పుకోవాలి.

అన్నిటికన్నా లోతైన ఉదాహరణ 'చండాలం'. మనుస్మృతి పదో అధ్యాయం చండాలురు ఊరి బయట ఉండాలని, శవాల మీది బట్టలు కట్టుకోవాలని, పగిలిన కుండల్లో తినాలని విధించింది. 5వ శతాబ్దం మొదట్లో వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్, వాళ్ళు నగరంలోకి వచ్చేటప్పుడు కర్రతో చప్పుడు చేస్తూ రావాలని రాశాడు. అది ఒక జనసమూహం పేరు. ఈరోజు కూర బాగాలేకపోయినా 'చండాలంగ ఉంది' అంటాం. మనలో చాలామందిమి, దళిత ఇండ్లలో కూడా, రోజుకొకసారి అనే మాట ఇది. ఎవరిని తిడుతున్నామో తెలియకుండానే మనల్ని మనం తిట్టుకుంటున్నాం.

ఇక్కడే ఇంగ్లండుకూ మనకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. వాళ్ళ విలన్ ఊరోడే. దొర కింద ఉన్నా ఊరి లోపలే ఉన్నాడు, ఊరి చర్చిలోనే మొక్కాడు. మన దగ్గర ఊరు వేరు, వాడ వేరు. ఊరివాళ్ళు అంటే అందులో మాదిగ, మాల ఉండరు. ఊరోడిని పట్నపోడు 'బైతు' అని ఎక్కిరిస్తాడు. ఆ ఊరోడే ఇంటికొచ్చి వాడోడిని తిడతాడు. కాబట్టి మన చరిత్రలో విలన్ కోసం వెతికితే ఊళ్ళో ఆగకూడదు, వాడ దాకా పోవాలి.

మెతుకుసీమలో పనిపేరు ఇంటిపేరు అయింది

వెట్టి అనే మాట సంస్కృత 'విష్టి' నుంచి వచ్చింది. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో రుద్రదాముడు తాను చెరువు కట్టను ప్రజల మీద విష్టి మోపకుండా బాగుచేయించానని గొప్పగా చెప్పుకున్నాడు. మోపకపోవడం గొప్ప అయిందంటే మోపడం మామూలన్నమాట. ఫార్సీ నుంచి 'బేగార్' వచ్చింది. రెండింటికీ అర్థం ఒక్కటే, కూలి లేని చాకిరి. నిజాం కాలంలో తెలంగాణ ఊళ్ళలో ఈ రెండు మాటలూ కలిసే నడిచినవి. సర్కారు మనిషి వస్తే మూట మోసేవాడు, కబురు తీసుకపోయేవాడు, సావుకబురు చెప్పేవాడు బేగరి. చెరువు తూము దగ్గర నీళ్ళు పంచేవాడు నీరడి. ఊరికి కాపలా ఉండేవాడు తలారి. వాళ్ళకు దక్కింది కొంత ఇనాం చెలక, కల్లంలో కొన్ని గింజలు. అప్పు కింద తరతరాలు పనిచేసేవాడు భగేలా. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద ఒక చట్టం తెచ్చింది. చట్టం వచ్చింది కానీ భగేలా పోలేదు. దేశంలో వెట్టిచాకిరి రద్దు చట్టం రావడానికి 1976 దాకా ఆగవలసి వచ్చింది.

1930లో మొదటి ఆంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది ఇక్కడే, జోగిపేటలో. ఆ తర్వాతి ఏళ్ళలో వెట్టి రద్దు సంఘాలకు ముఖ్యమైన నినాదమైంది. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఊరి మస్కూరులు, నీరళ్ళు, సేతసిందులు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క సర్కారీ పేరు మోసి చివరికి వీఆర్ఏలు అయ్యారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఆ వ్యవస్థను కూడా తీసేసి వాళ్ళను వేరే శాఖల్లో సర్దింది. పని పోయింది, వ్యవస్థ పోయింది. పేరు పోయిందా?

సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల ఓటర్ల జాబితా ఏది తెరిచినా ఆ పేర్లు కనపడతాయి. బేగరి, నీరడి, తలారి. ఇప్పుడవి ఇంటిపేర్లు. మరో పక్క చాకలి, మంగలి, కుమ్మరి. ఇంగ్లండులో విలన్ పని పోయి తిట్టు మిగిలింది. మెతుకుసీమలో పని పోయి ఇంటిపేరు మిగిలింది. ఇంగ్లండు విలన్ దొర ఊరి నుంచి పారిపోయి ఏదైనా పట్నంలో ఏడాదీ ఒక రోజూ ఉంటే ఆ పట్నం ఆచారం ప్రకారం స్వతంత్రుడయ్యేవాడు. పటాన్‌చెరు కూడా పట్నమే. కానీ ఇక్కడ బేగరి ఇంటిపేరున్న మనిషి ముప్పై ఏళ్ళున్నా కిరాయి ఇల్లు అడిగినప్పుడు ఆ పేరే ముందు పలుకుతుంది. కంపెనీ గేటు పాసు మీద కూడా అదే ఉంటుంది. వెట్టికి కులం తోడైతే ఏమవుతుందో ఈ ఒక్క తేడా చెప్తుంది.

'జీతం' అనే మాటను కూడా చూడాలి. 'జీవితం'లోంచి వచ్చిన మాట ఇది, బతుకుతెరువు అని. దొర దగ్గర ఏడాదికి కుదిరినవాడు జీతగాడు. 'జీతగాడు' తిట్టు. కంపెనీలో నెల తిరిగేసరికి తీసుకునేదీ జీతమే. కానీ అది తీసుకునేవాడు ఉద్యోగి. ఒకే మాట మనిషిని బట్టి ఒకచోట గౌరవం, ఒకచోట అవమానం.

విలన్ నోట్లో మన యాస

ఇప్పుడు సినిమాకు వద్దాం. తెలుగు సినిమాలో చాలాకాలం హీరో, హీరోయిన్, న్యాయమూర్తి, మాస్టారు ఒక భాష మాట్లాడారు. రౌడీ, పనిమనిషి, అవినీతి మంత్రి తెలంగాణ మాట్లాడారు. 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో కాసయ్య పాత్ర జనానికి బాగా గుర్తు. కృష్ణా జిల్లాకు చెందిన కోట శ్రీనివాసరావు ఆ దుష్ట మంత్రి పాత్రను తెలంగాణ యాసలో పండించారు. నటుడిగా అది ఆయన గొప్పతనం. మేం అడిగేది వేరు. కథ దుష్టత్వాన్ని చూపించాలనుకున్నప్పుడు ఈ యాస ఎందుకు చేతికి అందింది?

ఎందుకంటే అప్పటికే అది 'గ్రామ్యం'. విలన్ అంటే ఊరోడు అనే పాత అర్థం తెలియకుండానే మన సినిమా దాన్ని తిరిగి బతికించింది. దుర్మార్గుడికి ఊరోడి నాలుక అతికించింది. యూనివర్సిటీలకు మొదటిసారి వచ్చిన మాలాంటి తరం వాళ్ళు క్లాసులో లేచి నిలబడితే నోరు పెగలకపోవడానికి దీనికీ సంబంధం ఉంది. నోరు తెరిస్తే వినేది విలన్ గొంతో, జోకర్ గొంతో అనే భయం అది.

2014లో రాష్ట్రం వచ్చాక పరిస్థితి మారింది. 'ఫిదా' (2017), 'బలగం' (2023) లాంటి సినిమాల్లో కథను నడిపే మనుషులే తెలంగాణ మాట్లాడారు, జనం ఆదరించారు. ఇది ఉద్యమం సాధించిన ఫలితం. యాస మీది మచ్చ కొంత పోయింది. కానీ యాసలో కూడా ఊరి యాస, వాడ యాస ఉన్నాయి. ఆ రెండో మెట్టు ఇంకా మిగిలే ఉంది.

విషానికి విలన్ లేడు

1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు పెరిగినవి. వెట్టి నుంచి తప్పించుకుని కూలికి వచ్చినవాళ్ళకు ఇక్కడ కొత్త పేరు దొరికింది, 'లేబర్'. ఇంగ్లీషులో శ్రమ అని అర్థం. మన కాలనీల్లో 'లేబర్ మాటలు', 'లేబర్ బుద్ధి' అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. విలన్‌కు ఆరేడు వందల ఏళ్ళ కింద జరిగింది లేబర్‌కు మన కళ్ళ ముందే జరుగుతున్నది. ఇప్పుడు బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు ఈ పని చేస్తున్నారు. కాలనీలో దొంగతనం అయితే 'బీహారోళ్ళ పనే' అని మనవాళ్ళు కూడా అనేస్తున్నారు. నిన్న మనం మోసిన మాటను ఇవాళ వాళ్ళ నెత్తికి ఎత్తుతున్నాం.

అదే సమయంలో ఇంకొకటి గమనించాలి. ఫ్యాక్టరీల విషపు నీళ్ళు నక్కవాగులో పడి మంజీర దాకా పోయినవి. ఆ కేసు 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి శుద్ధి కేంద్రం వదిలే నీళ్ళలో మందుల అవశేషాలు అంతకుముందు ఎక్కడా చూడనంత ఎక్కువగా ఉన్నాయని ప్రచురించారు. దీని గురించి మన వార్తలు వాడే వాక్యాలు చూడండి. 'కాలుష్యం పెరిగింది.' 'పంటలు దెబ్బతిన్నాయి.' 'నీళ్ళు పాడైనవి.' ఒక్క వాక్యంలోనూ కర్త లేడు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. అక్కడ కూడా వాక్యం అదే, 'ప్రమాదం జరిగింది.' తప్పెవరిదో తేల్చవలసింది విచారణ. మేం మాట గురించే అడుగుతున్నాం. సెల్‌ఫోన్ దొంగిలించినవాడికి పేరూ, ఊరూ, ఫోటో ఉంటాయి. వాగు చచ్చిపోతే మాత్రం క్రియ ఒక్కటే ఉంటుంది. చిన్నవాడి తప్పుకు విలన్ ఉన్నాడు, పెద్దవాడి తప్పుకు వ్యాకరణం ఉంది.

పేరు మార్చుకున్నవాళ్ళు, పేరును ఎత్తి పట్టుకున్నవాళ్ళు

ఇంతవరకు చెప్పిందంతా పేరు పెట్టినవాళ్ళ చరిత్ర. పెట్టిన పేరును తిప్పికొట్టినవాళ్ళ చరిత్ర కూడా మనకుంది. 1917 నవంబరులో బెజవాడలో 'పంచమ మహాసభ' అని పిలిచారు. అధ్యక్షుడిగా హైదరాబాదు నుంచి పోయిన భాగ్యరెడ్డి వర్మ ముందు ఆ పేరునే ప్రశ్నించారు. పంచములు ఎవరు, ఎవరు పెట్టారు ఈ పేరు, మేం ఈ నేల మొదటి బిడ్డలం అన్నది ఆయన వాదన. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. హైదరాబాదు రాజ్యంలో 1931 జనాభా లెక్కల నాటికి 'ఆది హిందూ' అనే పేరు లెక్కలకెక్కింది. మాదరి భాగయ్యగా పుట్టి భాగ్యరెడ్డి వర్మ అయిన మనిషికి పేరు విలువ తెలుసు.

అంతకుముందే 1873లో ఫూలే 'గులాంగిరి'లో పురాణాలను తిరగేసి చదివారు. పురాణం విలన్ చేసిన బలిని రైతుల రాజుగా నిలబెట్టారు. రాక్షసులు అంటే రక్షించినవాళ్ళు అన్నారు. 1985 జూలై 17 కారంచేడు తర్వాత 'హరిజన' అనే దయ మాటను పక్కకు తోసి 'దళిత' అనే మాట తెలుగు నేల మీద నిలబడింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఇంకో అడుగు వేసింది. పేరు మార్చుకోలేదు. ఊరు తిట్టుగా వాడిన పేరునే తమ పేరు చివర 'మాదిగ' అని రాసుకున్నారు. కృష్ణ మందకృష్ణ మాదిగ అయినాక ఆ మాటతో తిట్టడం కష్టమైంది. కులం పేరుతో బహిరంగంగా దూషించడం నేరమని 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ విడిగా రాసింది. చట్టం చేయగలిగింది తిట్టినవాణ్ణి శిక్షించడం. తిట్టులోని విషం తీసింది మాత్రం దండోరాయే.

మన జిల్లాలోనే ఇంకొక ఉదాహరణ ఉంది. 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు సంగం రేడియో మొదలుపెట్టారు. వాళ్ళ విత్తనాలు, వాళ్ళ పంటలు, వాళ్ళ పాటలు వాళ్ళ వాడ మాటలోనే గాలిలోకి పోయినవి. శిష్ట వ్యావహారికం కోసం వాళ్ళు ఆగలేదు. మేం పైన చెప్పిన రెండో మెట్టు అదే.

కాబట్టి విలన్ అనే మాటను నిఘంటువు నుంచి తీసేయాలని మేం అనడం లేదు. మాటను తీసేసినంత మాత్రాన దాని వెనక ఉన్న గడీ కూలదు. టీచర్లకు, విద్యార్థులకు, కార్యకర్తలకు మేం కోరేది చిన్న పని. మీ ఊళ్ళో, మీ బస్తీలో, మీ కంపెనీలో వాడే తిట్లను ఒక నోట్‌బుక్‌లో రాయండి. ప్రతి మాట దగ్గర మూడు ప్రశ్నలు వేయండి. ఇది మొదట ఏ పని పేరు? ఏ మనుషుల పేరు? దీన్ని తిట్టు చేసింది ఎవరు? పదోతరగతి పిల్లలు కూడా ఈ పని చేయగలరు. వాళ్ళ ఇంట్లో అవ్వ, తాతలే దీనికి పండితులు.

అట్లా రాసిన నోట్‌బుక్కులు పది పోగైతే చాలు, మెతుకుసీమ శ్రమ చరిత్రకు మొదటి అధ్యాయం తయారవుతుంది. ఇప్పటిదాకా మన పేర్లు దొరల లెక్కల పుస్తకాల్లోనే ఉన్నాయి. ఈ పుస్తకం మన చేతితో రాద్దాం.